దూరమునుండి పోషకాహార బోధన: కరోనా కాలపు అనుభవములు

(మిరప, పత్తి పండించు గ్రామముల మహిళా రైతులు, విస్తరణ కార్యకర్తల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున నేను మాట్లాడవలసినది తిండిని గురించి. ఏమి తినవలెను, ఎంత తినవలెను అన్న సంగతి మీకు ఇదివరకే చాలమంది చెప్పియున్నారు. ఆ మాటను మీ ఇంటిదాకా ఎట్లు చేర్చవలెను, చేర్చబోయి మేము ఎక్కడెక్కడ పొరపాటు పడినాము అన్నదే నేటి విషయము. పొరపాట్లను గురించి ఎక్కువగా చెప్పెదను. మీలో కార్యకర్తలుగా ఉన్నవారికి అవియే ఎక్కువ ఉపయోగపడును.

2020 మార్చి నెల జ్ఞాపకము తెచ్చుకొనుడు. మిరపకాయ కల్లములలో ఎండుచున్నది. చివరి కోతలు ఇంకను ముగియలేదు. 22వ తేదీన జనతా కర్ఫ్యూ, ఆ వెనుకనే లాక్‌డౌను. గుంటూరు మిర్చి యార్డు వారాల తరబడి మూతపడినది. టిక్కీలు కట్టి ఉంచిన రైతు శీతల గిడ్డంగుల చుట్టు తిరిగినాడు. కర్నూలు జిల్లా పడమటి గ్రామములనుండి కాయకోతకు వచ్చిన కూలీలు చేలగట్లమీది గుడారాలలో చిక్కుకొనిపోయినారు. అంగన్‌వాడీ కేంద్రములను మూసి, పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఇచ్చు సరుకులను ఇండ్లకే పంపినారు. ఇంతటి అల్లకల్లోలములో మా వంట ప్రదర్శనలు ఆగిపోయినవని ఎవరును బాధపడలేదు. బాధపడవలసిన పనియు లేదని నేనును మొదట అనుకొన్నాను.

కాని వారము గడిచేసరికి ఫోనులు మొదలైనవి. "గుడ్లు ఇచ్చిపోయారు మేడం, ఇప్పుడు గుడ్డు తినొచ్చా?" అని ఒక ఆమె అడిగినది. ఆమె అడుగుటలో తప్పు లేదు. కోడివలన, గుడ్డువలన కరోనా వచ్చునని అంతకు నెలదినముల ముందునుండియే పుకారు పుట్టినది. కోళ్ళ ధర పడిపోయి, ఫారముల వారు దివాలా స్థితికి వచ్చినారు. 2020 ఫిబ్రవరి నెలాఖరున హైదరాబాదులో మంత్రులే వేదికమీద కోడికూర తిని చూపవలసివచ్చినది. ఆ పుకారు మన పల్లెలకు ఏ దారిన వచ్చినది? ఫోనులోనుండియే వచ్చినది. అబద్ధము రాగలిగిన దారిన నిజము ఎందుకు రాకూడదు అని మాకు అప్పుడు తోచినది. గర్భిణి ఇంట గుడ్డు ఉండియు ఉట్టిమీదనే ఉన్నదని తెలిసినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చొనుట సాధ్యము కాలేదు.

అంతకు ముందు మా పద్ధతి ఏమిటో మీకు తెలియును. వేపచెట్టు క్రింద పొయ్యి పెట్టి, ఒక దాక, ఒక మూకుడు తెచ్చి, పదిమంది ఎదుట వండి చూపెడివారము. సజ్జ లడ్డు, రాగి జావ, మునగాకు పొడి, కొర్ర పొంగలి. వాసనకు పిల్లలు చేరెడివారు, పిల్లల వెంట తల్లులు వచ్చెడివారు. రుచి చూచిన తరువాతనే మాట చెవికెక్కెడిది. పొయ్యి ప్రక్కన కూర్చొని పిల్లవాని జబ్బ పట్టుకొని చూచెడివారము, తల్లి కనురెప్ప క్రిందికి లాగి పాలిపోయినదేమో చూచెడివారము. ఇదంతయు ఒక చిన్న అద్దపు పలకలోనికి ఎక్కించవలెను. ఎట్లు?

అవసరము ఎంతటిదో ముందుగా రెండు అంకెలు చెప్పెదను. మన రాష్ట్రములో 2019లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికి కలదు. ఎకరమునకు లక్షల పెట్టుబడి పెట్టి మిరప పండించు నల్లరేగడి నేలలో ఈ స్థితి ఎందుకున్నది? నాకు తోచిన కారణములలో ఒకటి చెప్పెదను. మన తాతల కాలమున ఈ నేలలోనే జొన్న, సజ్జ, వరిగ, కంది, పెసర పండెడివి. తిండి చేనినుండి నేరుగా ఇంటికి వచ్చెడిది. ఇప్పుడు చేను అంతయు పత్తి, మిరప. చేనినుండి డబ్బు వచ్చును, తిండి అంగడినుండి రావలెను. డబ్బు వచ్చేసరికి పురుగుమందుల అంగడి బాకీ, ఎరువుల బాకీ, కౌలు ముందు నిలబడును. చివరకు మిగిలినదానితో బియ్యము, పచ్చడి. నేను పత్తిని, మిరపను దూషించుట లేదు. అవి లేనిదే ఈ ప్రాంతము బ్రతుకదు. గట్టున నాలుగు కంది మొక్కలకైనను చోటు పోయినదే అని నా బాధ.

ఇక మా మొదటి ప్రయత్నము. ఇప్పుడు తలచుకొనిన నవ్వు వచ్చును. నలుబది నిమిషముల ఉపన్యాసము ఒకటి వీడియో తీసినాము. నేనే కుర్చీలో కూర్చొని చదివినాను. మాంసకృత్తులు, సూక్ష్మ పోషకములు, రోగనిరోధక శక్తి అన్నియు వచ్చినవి. దానిని వాట్సాప్ గుంపులలో పంపినాము. అప్పుడు ఒక గుంపులో 256 మందికి మించి చేరుటకు వీలులేదు. గుంపులు నిండినవి గనుక పని జరిగినదని సంతోషించినాము. వారము తరువాత పర్చూరు ప్రాంతములోని ఒక గ్రామమునకు ఫోను చేసి, నాకు పరిచయమున్న ఒక పెద్దామెను అడిగినాను. ఆ ప్రాంతము అప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండెను. 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలోనిది. "వీడియో చూచినారా?" అంటిని. ఆమె సమాధానము ఇది: "ఏ వీడియో అమ్మా? ఆ పెద్ద ఫోను మా చిన్నాడి దగ్గర ఉంటది. వాడు బడి పాఠాలు చూసుకోవాలంటాడు, నెట్టు అయిపోయిందంటాడు. నా దగ్గరుండేది బటన్ల ఫోను."

ఆ సర్వే పుస్తకములోనే మరియొక పుట కలదు. ఎన్నడైనను ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు మన రాష్ట్రములో నూటికి 21 మంది మాత్రమే. పురుషులలో సుమారు 49 మంది. మేము గుంపులో చేర్చినామని అనుకొన్న ఆడవారి పేర్ల వెనుక ఉన్న నంబర్లు చాలవరకు భర్తలవి, కొడుకులవి. గర్భిణి ఎట్లు తినవలెనో చెప్పిన పాఠము పద్దెనిమిదేండ్ల కుర్రవాని ఫోనులో మోగినది. అతడు దానిని తుడిచివేసినాడన్న ఆశ్చర్యమేమున్నది? అతనికున్న దినపు నెట్టు ఒకటిన్నర జీబీ, అందులో నా ఉపన్యాసమునకు చోటెక్కడిది!

అప్పుడు మరల మొదటికి వచ్చినాము. ఇట్టిది మన దేశమునకు క్రొత్త కాదు. 1956లో పూనా ప్రాంతమున రేడియో గ్రామీణ వేదికలు పెట్టినప్పుడు ఊరివారు ఒకచోట చేరి ప్రసంగమును వినుటయే కాక, విన్న తరువాత చర్చించుకొని తమ ప్రశ్నలను తిరిగి ఆకాశవాణికి వ్రాసి పంపెడివారు. 1975–76లో ఉపగ్రహము ద్వారా పల్లెలకు టెలివిజను కార్యక్రమములు చూపిన ప్రయోగములో మన రాష్ట్రపు గ్రామములును ఉన్నవి. అక్కడను ఒక పెట్టె చుట్టు ఊరు చేరెడిది. మేము మాత్రము ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె ఉన్నదని భ్రమించినాము. ఇంటికి ఒకటి, అదియు మగవాని జేబులో అన్నది మరచినాము.

రెండవ పద్ధతి ఇట్లున్నది. బటన్ల ఫోనుకే మామూలు కాల్ చేసి, అయిదారుగురిని ఒకే కాల్‌లో కలుపుట. లేదా ఒక ఇంటి అరుగుమీద ఫోనును స్పీకరులో పెట్టి, ముఖమునకు గుడ్డ కట్టుకొని ఎడమెడముగా కూర్చొన్న నలుగురైదుగురితో మాట్లాడుట. దీనికి నెట్టు అక్కరలేదు. వేళ విషయములోను దెబ్బతిన్నాము. మా ఆఫీసు వేళ పదకొండు గంటలకు ఫోను చేసితిమి. ఆ వేళకు ఆడవారు చేలో ఉందురు. లాక్‌డౌనులో సహితము చేనిపని ఆగలేదు గదా! చివరకు రాత్రి ఎనిమిదిన్నర కుదిరినది. అన్నములు తిని, గిన్నెలు కడిగి, అరుగుమీదికి వచ్చు వేళ. ఇరువది నిమిషములు, అందులో నేను మాట్లాడునది అయిదు నిమిషములు, మిగిలినది వారిది. పెద్ద ఫోను ఉన్నవారికి రెండు నిమిషముల గొంతు సందేశము పంపెడివారము, అదియు ఒక్క విషయముమీదనే.

కొలతల సంగతి ఒకటి. ఎదుట ఉండి వండునప్పుడు "ఇంత" అని చేయి చూపిన సరిపోవును. ఫోనులో చేయి కనబడదు. "ఒక కప్పు" అన్నచో ఒకరికి టీ కప్పు, ఒకరికి బొగ్గు తూచు డబ్బా! అందరి ఇండ్లలోను ఒకే పరిమాణములో ఉండు వస్తువు ఏదని వెదకగా కాఫీ హోటలు టీ గ్లాసు దొరికినది. అప్పటినుండి పిండి, పప్పు, వేరుసెనగ గింజ అన్నియు టీ గ్లాసులతోనే చెప్పినాము. పెద్దవాండ్రు మాత్రము గిద్ద, సోల అన్నచోనే తృప్తిపడిరి. వారితో ఆ మాటలే వాడినాము.

చెప్పు విషయమును కూడ తగ్గించుకొన్నాము. అంగళ్ళు సగము మూతపడినప్పుడు జీడిపప్పు, ఖర్జూరము అని చెప్పుట ఎవరికొరకు? రక్తహీనత ఒక్కదానినే పట్టుకొన్నాము. ఐ.సి.ఎం.ఆర్., జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన సిఫారసు ప్రకారము వయసులోని స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను, పురుషునికి 19 చాలును. మన ఇండ్లలో ముందుగా తినునది, కూర ఎక్కువ వడ్డించుకొనునది ఎవరో మీకే తెలియును. ఆకుకూరలోను, ధాన్యములోను ఉన్న ఇనుము ఒంటికి పట్టునది కొద్దిభాగమే. పులుపులో ఉండు సి విటమిను తోడైనచో ఎక్కువ పట్టును. అందువలన తోటకూర పప్పు దించిన తరువాత నిమ్మకాయ పిండుమన్నాము. నిమ్మకాయ లేనివారికి ఉసిరికాయ పచ్చడి, అదియు లేనివారికి అన్నములో ఒక పచ్చిమిరపకాయ కొరుకుకొనుమన్నాము. మిరప పండించువారే, పచ్చిమిరపలో సి విటమిను దండిగా ఉన్నదని తెలిసి ఆశ్చర్యపోయిరి. ఎండిన కాయలో అది చాలవరకు నశించును. కారము కడుపులో మంట పుట్టించువారు నిమ్మకాయతోనే సరిపెట్టుకొనవలెను.

దీనికి విరోధి టీ. కాయకోతలలో పది గంటల టీ, నాలుగు గంటల టీ మేస్త్రీ కూలితోపాటు కుదుర్చుకొన్న హక్కు. దానిని మానుమన్నచో నామాట ఎవరు విందురు? సద్ది తిన్న వెంటనే త్రాగక, తినుటకును టీకిని నడుమ ఒక గంట ఎడము పెట్టుకొనుమని మాత్రమే చెప్పినాము. ఇది చాలమంది చేసినారు. ఖర్చు లేని పని గనుక చేసినారని నా ఊహ.

ఇనుప మూకుడులో పులుసు వండిన ఇనుము కలియునని చెప్పితిని. మరునాడు రాత్రి ఒక ఇల్లాలు నన్ను కోప్పడినది. "మీ మాట విని గోంగూర ఇనప మూకుట్లో వండితే నల్లగా తారులా అయింది. మా ఆయన కంచం తోసేశాడు." ఎదుట ఉండి చేసిన, ఆ నలుపు ఇనుమువలననే వచ్చునని చూపి, వండిన వెంటనే వేరొక గిన్నెలోనికి తీయుమని అక్కడనే చెప్పియుందును. ఫోనులో ఆ సగము మాట మిగిలిపోయినది.

ఇక అన్నిటికంటె నన్ను భయపెట్టిన సంగతి. 2020 ఆగస్టో, సెప్టెంబరో. ప్రత్తిపాడు వైపు గ్రామమునుండి ఒక గర్భిణి అడిగినది: "మేడం, మా చేలో తోటకూర బాగా మొలిచింది. ఊరికే వస్తది గదా, వండుకోవచ్చా?" ఆకుకూర తినుమని నెలలుగా మొత్తుకొనుచున్నాను గదా, నా నోటికి "తినుము తల్లీ" అన్న మాట వచ్చివేసినది. ఏదో తోచి, "ఏ చేలో?" అని అడిగినాను. "పత్తి చేలో." "మందు ఎప్పుడు కొట్టినారు?" "మొన్నేనండి, మా మామయ్య కొట్టాడు." నా గుండె ఝల్లుమన్నది. వేపచెట్టు క్రింద ఉన్నచో నాకు ఆ చేను కనబడును, గట్టుమీద మందు డ్రమ్ము కనబడును, గాలిలో వాసన తెలియును. ఫోనులో ఆమె చెప్పినదే నాకు లోకము. పత్తి, మిరప చేలలో కొట్టు మందులలో చాలవరకు మొక్కలోనికి ప్రాకునవి. ఆకును ఎన్ని నీళ్ళలో కడిగినను అవి పోవు. మందు కొట్టు చేలో తనంత మొలిచిన కూర ఏదియు తినరాదు. ఆ రాత్రినుండి మా కార్యకర్తలందరికి ఒక నియమము పెట్టినాము: ఎవరైనను ఆకును గురించి అడిగినచో, సమాధానమునకు ముందు రెండు ప్రశ్నలు వేయవలెను. ఎక్కడ మొలిచినది? అక్కడ మందు ఎప్పుడు పడినది? ఆ తరువాత కొందరి ఇండ్లలో ఖాళీ మందు డబ్బాలను కడిగి నీళ్ళకు, ఉప్పుకు వాడుచున్నారని కూడ ఈ ప్రశ్నలవలననే బయటపడినది. అది ఎంతమాత్రము కూడదు.

కనుక పెరటిలో కూర పెంచుమనుట అప్పటినుండి మా పాఠమునకు మొదటి మెట్టు అయినది. మందు తుంపర గాలికి కొట్టుకొని రాని వైపున, రెండు మంచములంత జాగా. తోటకూర, బచ్చలి, ఒక మునగ చెట్టు. గిన్నెలు కడిగిన నీళ్ళు చాలును.

పళ్ళెము ఫొటో సంగతి కూడ చెప్పవలెను. తాము తిన్న పళ్ళెమును ఫొటో తీసి పంపుమని ఒకసారి అడిగినాము. వచ్చిన ఫొటోలు చూచి మురిసిపోయినాము: పప్పు, కూర, గుడ్డు, పెరుగు, అప్పడము! తరువాత తెలిసినది, అవి పండుగనాటి పళ్ళెములు, లేదా భర్తకు వడ్డించిన పళ్ళెములు. ఒక ఆమె నవ్వుచు, "నా కంచం ఏముంటదండీ చూపించడానికి, గిన్నెలోనే కలుపుకు తింటా" అన్నది. ఇంకొకరి ఇంటి లేమిని గుంపులో రెండువందల మందికి చూపుమని అడుగుట మా తెలివితక్కువ. అటుపిమ్మట ఫొటోలు మాని, రాత్రి కాల్‌లో "నేడు మీరు తిన్నదేమి?" అని మాత్రమే అడిగెడివారము. ఇంటిలోనివారు ఏమి తినిరని కాదు, మీరు తిన్నదేమి అని.

ఫోను చేయలేని పనియు ఒకటి ఉన్నది. మూడేండ్ల పిల్లవాని తల్లిని వారము వారము అడిగినాను. "బాగానే తింటున్నాడు, ఆడుకుంటున్నాడు" అనెడిది. ఆమె అబద్ధమాడలేదు. రోజూ చూచు కంటికి మార్పు తెలియదు. రాకపోకలు తెరచిన పిమ్మట వెళ్ళి చూచినప్పుడు, ఆ పిల్లవాని జబ్బ కొలతపట్టీలో ఎరుపు రంగుమీద నిలిచినది. 11.5 సెంటీమీటర్లకు తక్కువ. అది తీవ్రమైన పోషణ లోపమునకు గుర్తు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన స్థితి. చేర్చినాము, పిల్లవాడు కోలుకొన్నాడు. కాని ఆ నాలుగు నెలలు నేను ఫోనులో "మంచిది తల్లీ" అని పెట్టివేసిన రాత్రులు నాకు ఇప్పటికిని గుర్తున్నవి. జబ్బ కొలత రంగుల పట్టీని తల్లుల చేతికే ఇచ్చి కొలుచుట నేర్పు పద్ధతి కరోనా కాలమున అనేక దేశములలో సాగినది. ఆరునెలల నుండి అయిదేండ్ల పిల్లలకు ఆ పట్టీ పనికివచ్చును. ఆకుపచ్చ అయిన సరే, పసుపు అయిన కార్యకర్తకు చెప్పవలెను, ఎరుపు అయిన ఆగరాదు. ఇది మాకు ముందే తోచియుండవలసినది.

మగవారికి ఒక మాట. ఫోను మీ జేబులో ఉన్నది, అంగడికి పోవునది మీరే. ఆడవారి పాఠమని తుడిచివేయక, రాత్రి ఎనిమిదిన్నరకు ఆ ఫోనును అరుగుమీద పెట్టుడు. మీరును వినుడు. మా కాల్‌లలో బాగా నడచినవి మామగారో, భర్తయో ప్రక్కన కూర్చొని వినిన ఇండ్లవే. గుంటూరు నుండి వచ్చునప్పుడు మందు డబ్బాతోపాటు అరడజను గుడ్లు తెచ్చుట ఆ ఇండ్లలోనే మొదలైనది.

ఇప్పుడు కేంద్రములు తెరచినవి, వేపచెట్టు క్రింద పొయ్యి మరల వెలుగుచున్నది. అయినను రాత్రి కాల్ మానలేదు. కోతల కాలమున ఆడవారు పగలు ఎట్లును దొరకరు గనుక, నెలకు ఒకసారి వంట, వారమునకు ఒకసారి కాల్ అని ఏర్పరచుకొన్నాము. రాబోవు కాయకోతలలో గుడారాలలో దిగు వలస కూలీలను కూడ ఇందులో చేర్చుకొనవలెనని ఉన్నది. వారి మేస్త్రీల ఫోను నంబర్లు మీ గ్రామముల రైతులవద్దనే ఉండును. సభ ముగిసిన తరువాత అవి మా కార్యకర్తలకు వ్రాసియిచ్చిన మేలు.

బల్లమీద తోటకూర, బచ్చలి విత్తనముల పొట్లములు, రంగుల పట్టీలు ఉన్నవి. అయిదేండ్ల లోపు పిల్లలున్న తల్లులు ముందుగా రండి, పట్టీ ఎట్లు చుట్టవలెనో చేతితోనే చూపెదను.